బుడమేరు నీళ్లలో నానిన 1974 సీజే-3బీ: ఇంజను తిప్పే ముందు ఏమేం విప్పాలి?

సింగ్‌నగర్_3బీ (విజయవాడ)

నమస్తే అందరికీ. బండి 1974 మహీంద్రా సీజే-3బీ జీపు. పెట్రోలు, 2199 సీసీ ఎఫ్-హెడ్ హరికేన్ ఇంజను, మూడు గేర్ల టీ-90 బాక్సు, డానా 18 ట్రాన్స్‌ఫర్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె), వెనక డానా 44 హౌసింగు (యాక్సిల్ పెట్టె), నాలుగు చక్రాలకీ 9 అంగుళాల డ్రమ్ములు, 12 వోల్టుల కరెంటు. టైర్లు 6.00-16.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు షెడ్డులో హబ్బుల పైన జానెడు ఎత్తున నీళ్లు ఐదారు రోజులు నిలిచాయి. అప్పట్నుంచి బండి కదల్లేదు. డిప్‌స్టిక్కు తీస్తే ఆయిల్ నల్లగానే ఉంది, నీటి జాడ లేదు. వెనక ఎడమ చక్రం పట్టేసింది, మిగతా మూడూ తిరుగుతున్నాయి. బ్రేకు పెడలు నేలకి ఆనుతోంది. క్లచ్చి పెడలు మామూలుగానే ఉంది. టాంకులో పాత పెట్రోలు ఐదారు లీటర్లు ఉండొచ్చు.

కొత్త బ్యాటరీ పెట్టి ఒకసారి సెల్ఫు కొట్టి చూడమని చూసినవాళ్లందరూ అంటున్నారు. స్టార్టు అయ్యాక మిగతావి విప్పొచ్చా, లేక ముందే విప్పాలా? ఇంట్లో మూడు టన్నుల జాకీ, ఎమ్మెమ్ స్పానర్లు, సాకెట్ సెట్టు ఉన్నాయి. లేత్ పనికి తప్ప బండిని ఆటోనగర్ (మెకానిక్ షెడ్లుండే పేట) తీసుకెళ్లే ఉద్దేశం లేదు. ఆర్సీ గడువు కూడా అయిపోయింది.

రేగడి_గేర్ (గుంటూరు)

సెల్ఫు కొట్టొద్దండీ. నీళ్లు కిందున్నాయి, పనీ కింద నుంచే మొదలవ్వాలి. గేరు న్యూట్రల్‌లో ఉన్నా క్లచ్చి వదిలి ఇంజను తిప్పితే బాక్సులో ఇన్‌పుట్ షాఫ్టూ కింది క్లస్టర్ గేరూ తిరుగుతూనే ఉంటాయి. గేరాయిల్ నీటికంటే తేలిక, నీళ్లు అడుగున చేరతాయి. క్లస్టర్ మునిగి ఉండేది సరిగ్గా ఆ అడుగునే. రెండు నిమిషాల సంబరానికి క్లస్టర్ బేరింగులు బలి.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ బండికి హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద లేదు, ట్రాన్స్‌ఫర్ వెనక షాఫ్టు మీద ఉంది. వెనక ఒక్క చక్రం జాకీతో లేపితే, హ్యాండ్‌బ్రేకు బిగించి ఉన్నా డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం ఒకవైపు తిరుగుతుంది, నేల మీదిది ఇంకోవైపు దొర్లుతుంది, బండి జాకీ మీంచి జారుతుంది. ముందు చక్రాలకి రెండువైపులా చెక్క దిమ్మెలు పెట్టాలి. లేపాక హౌసింగు కింద స్టాండు పెట్టకుండా తల కింద దూర్చొద్దు. ఇటుకలు స్టాండు కావు, పగిలేటప్పుడు చెప్పి పగలవు.

ఎమ్మెమ్ స్పానర్ల గురించి. ఈ బండి మొత్తం అంగుళాల బోల్టులే. 3/4కి 19 బాగానే కూర్చుంటుంది. 9/16కి 14 ఎక్కదు, 15 వదులు. 1/2కి 13 పెడితే వదులు, గట్టి బోల్టయితే మూలలు అరిగి గుండ్రమవుతుంది. 7/16కి 11 బిగువుగా ఉంటుంది, ఒక్కోసారి ఎక్కదు, అలాగని 12 పెడితే బోల్టు పాడు. 7/16 నుంచి 3/4 దాకా రింగు స్పానర్లు ఒక సెట్టు కొనండి. ముందు హబ్బు నట్టుకి 2-1/16 అంగుళాల బాక్సు స్పానరు వేరే కావాలి. చీజిల్, సుత్తితో ఆ నట్టు తిప్పినవాడు లాక్ వాషర్ చెవులూ, స్పిండిల్ మరలూ రెండూ పోగొడతాడు.

ఇక ఆయిళ్లు. బండిని చదునైన చోట కదపకుండా ఒక రాత్రి ఉంచాక నాలుగు చోట్లా దింపాలి: గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్, ముందు హౌసింగు, వెనక హౌసింగు. ప్రతిచోటా ముందు పైన నింపే ప్లగ్గు వదులవుతుందో లేదో చూసుకోండి, ఆ తర్వాతే కింది ప్లగ్గు విప్పండి. కిందిది విప్పి ఆయిల్ వదిలేశాక పైది పట్టేసిందని తెలిస్తే ఆయిల్ లేని బాక్సుతో కూర్చోవాలి. కింది ప్లగ్గు ఒకేసారి తీయకుండా మెల్లగా వదులు చేసి పారదర్శకమైన సీసాలో పట్టండి. మొదట నీళ్లు, తర్వాత పాలు కలిపిన టీ లాంటిది, చివర్న ఆయిల్ వస్తాయి. దేంట్లో ఎంత నీరొచ్చిందో రాసుకోండి, ఏ సీలు పోయిందో ఆ లెక్కే చెబుతుంది.

కడగడానికి సగం డీజిలు, సగం చవక ఇంజనాయిల్ కలిపి ఒక్కోదాంట్లో లీటరు పోయండి. చక్రాలు లేపి చేత్తో ఇరవై ముప్పై సార్లు తిప్పి దింపేయండి. రంగు తేటపడేదాకా రెండు మూడుసార్లు చేయాలి. ఒట్టి డీజిలుతో ఇంజను నడిపి కడగొద్దు. వెనక హౌసింగు కవరు మాత్రం తీసి చూడటమే మేలు, పది బోల్టుల పని. క్రౌను (లోపలి పెద్ద గేరు) పళ్ల మీద, ముఖ్యంగా నీటిమట్టం నిలిచిన గీత దగ్గర, తుప్పు గుంటలు ఉన్నాయేమో చూడండి. పైపై ఎరుపైతే తుడిస్తే పోతుంది. గోరుకి తగిలే గుంటలు బేరింగు రోలర్ల మీద ఉంటే ఆ బేరింగు మార్చాల్సిందే.

తిరిగి నింపేది: టీ-90కి 1.2 లీటర్లు, డానా 18కి 1.5, ముందు వెనక హౌసింగులకి చెరో 1.2. కొలతకంటే నమ్మకమైంది లెవెల్ రంధ్రం, అక్కణ్నుంచి కారడం మొదలైతే ఆపేయండి. హౌసింగులకి 90 గ్రేడు జీఎల్-5 రకం గేరాయిల్ పోయొచ్చు. గేర్‌బాక్సుకీ ట్రాన్స్‌ఫర్‌కీ మాత్రం జీఎల్-4 చూసి కొనండి. టీ-90లో సింక్రో రింగులు కంచువి, కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు మందు కంచుని తినేస్తుంది. కౌంటర్ మీద అబ్బాయి రెండూ ఒకటే అంటాడు, డబ్బా వెనక చదవండి.

బ్రీదర్లు (లోపలికీ బయటికీ గాలి ఆడే దారులు) మర్చిపోవద్దు. హౌసింగు మీద చిన్న మూత ఉంటుంది, మన నల్లరేగడి ఒకసారి పట్టిందంటే సిమెంటులా గట్టిపడుతుంది. బ్రీదరు మూసుకుపోతే వేడికి గాలి వ్యాకోచించి సీళ్లని తోసుకుని ఆయిల్ కక్కుతుంది. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి అదే సీలు గుండా నీళ్లు పీలుస్తుంది. సీలు మార్చి బ్రీదరు వదిలేస్తే కొత్త సీలూ కారుతుంది.

డ్రమ్ము_లైనరు (విజయవాడ)

బ్రేకుల సంగతి నేను రాస్తాను. సింగిల్ సర్క్యూట్ బండి ఇది, ఒక్క చోట కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. కాబట్టి "మూడు బాగున్నాయి, ఒకటి చూద్దాం" అనే లెక్క కుదరదు.

చక్రం నట్లు విప్పే ముందు స్టడ్ల చివర చూడండి. ఈ బండ్లకి ఎడమవైపు స్టడ్లు ఎడమ మరవి ఉంటాయి, చివర ఎల్ అక్షరం కొట్టి ఉంటుంది. వాటిని మామూలు నట్లకి తిరగతిప్పాలి. ఎయిర్ గన్నుతో ఎటు పడితే అటు కొట్టే టైరు షాపుల్లో తెగే స్టడ్లన్నీ ఇవే. మధ్యలో ఎవరైనా కుడి మర స్టడ్లు వేసి ఉండొచ్చు, అందుకే గుర్తు చూశాకే బలం చూపించండి. తిరిగి బిగించేటప్పుడు 65 నుంచి 75 అడుగు-పౌండ్లు.

పట్టేసిన వెనక చక్రం విషయం. డానా 44కి వెనక హబ్బు టేపరు షాఫ్టు మీద కీతో కూర్చుంటుంది. కాటర్ పిన్ను తీసి, కాజిల్ నట్టు పూర్తిగా తీసేయకుండా షాఫ్టు కొసతో సమానంగా ఉంచండి. హబ్బు వదిలేటప్పుడు తుపాకీ గుండులా ఎగురుతుంది, నట్టు ఉంటే అక్కడే ఆగుతుంది. పుల్లరు హబ్బు స్టడ్లకి నట్లతో బిగిసే రకం ఉండాలి. డ్రమ్ము అంచుల్ని గోళ్లతో పట్టి లాగే మూడు కాళ్ల పుల్లరు వద్దు, డ్రమ్ము వంకరపోతుంది. పుల్లరు బిగించి, మధ్య బోల్టు తల మీద రెండు మూడు గట్టి దెబ్బలు వేసి, ఇంకో పావు చుట్టు బిగించి, వదలకపోతే రాత్రంతా అలాగే ఉంచండి. తెల్లారేసరికి చాలాసార్లు దానంతట అదే వదులుతుంది. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చడం చివరి మార్గం కూడా కాదు, పక్కనే సీలూ బేరింగూ ఉన్నాయి.

పుల్లరు తగిలించే ముందు లైనర్లు డ్రమ్ముకి అంటుకున్నాయేమో చూడాలి. బ్యాకింగ్ ప్లేటు వెనక రెండు ఎక్సెంట్రిక్ బోల్టులు ఉంటాయి, వాటి లాక్‌నట్టు వదులు చేసి లైనర్లు లోపలికి పోయేలా తిప్పి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో తట్టండి. సాధారణంగా అక్కడే పని అయిపోతుంది.

డ్రమ్ము లోపల తుప్పు గీతలు పడి ఉంటే లేత్ మీద కోయించండి. వ్యాసంలో మొత్తం 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే ఒకటిన్నర మిల్లీమీటరు దాటి కోయకూడదు. దాటితే డ్రమ్ము వేడికి సాగి పెడలు మెత్తబడుతుంది. ఒకే జత డ్రమ్ములు రెండూ ఒకే కొలతకి రావాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది.

వీల్ సిలిండర్లు ముందు 1 అంగుళం, వెనక 3/4 అంగుళం. లోపల గోరుకి తగిలే గుంటలుంటే కిట్టు మార్చి లాభం లేదు, కొత్త రబ్బరు పదిహేను రోజుల్లో చిరుగుతుంది. కొత్త సిలిండరు వేయండి, లేదా పాతదానికి స్టెయిన్‌లెస్ స్లీవు దింపించండి. రబ్బర్లని పెట్రోలుతో గానీ డీజిలుతో గానీ కడగొద్దు, ఉబ్బిపోతాయి. బ్రేకాయిల్‌తోనే తడిపి బిగించాలి. పైపులు 3/16 అంగుళాల స్టీలువి (షాపుల్లో 'బండీ' పైపు అంటారు), కొసలు డబుల్ ఫ్లేరు, అంటే రెండు మడతలుగా వెడల్పు చేసినవి. ఫ్రిజ్‌లకి వాడే రాగి పైపు వేస్తామంటే వద్దనండి, కుదుపులకి ఫ్లేరు దగ్గర పగులుతుంది. యూనియన్ నట్లు 3/8 అంగుళం, 24 మరలవి. కొత్త కార్ల 10 ఎమ్మెమ్ నట్టు రెండు చుట్లు ఎక్కి ఆగుతుంది, అక్కడే బలవంతం చేసి సిలిండరు మరలు పోగొడతారు.

లైనర్లు కొత్తవి వేశాక కింద యాంకర్ పిన్నులు సరిచేయాలి. లైనరు కింది కొస దగ్గర 5 థౌ, పై కొస దగ్గర 8 థౌ ఫీలరు (సందు కొలిచే రేకు) దూరాలి. తర్వాత అరిగేకొద్దీ పై ఎక్సెంట్రిక్‌లు తిప్పుకుంటే చాలు, యాంకర్ల జోలికి పోనక్కర్లేదు. పెడలు పైన అర అంగుళం ఖాళీ ఆట ఉండాలి. ఆ ఆట లేకపోతే మాస్టర్‌లో తిరుగు రంధ్రం మూసుకుని, ఎండలో ఆయిల్ వ్యాకోచించి బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. మే నెల విజయవాడలో పట్టేసిన బ్రేకులకి సగం కారణం ఇదే.

గాలి తీయడం వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరసలో. డాట్ 3 లీటరు డబ్బా సరిపోతుంది. మాస్టరు నేల పలకల కింద ఉంటుంది కాబట్టి మూత తీసే ముందు చుట్టూ మట్టి తుడవండి. తెరిచి పెట్టిన డబ్బాలో మిగిలిన ఆయిల్ వచ్చే ఏడాదికి దాచొద్దు, అది గాలిలో తేమ పీలుస్తుంది. కృష్ణ ఒడ్డున తేమకేం తక్కువ?

తిరిగి బిగించేటప్పుడు వెనక హబ్బు కాజిల్ నట్టుకి కనీసం 150 అడుగు-పౌండ్లు పడాలి. టార్కు రెంచి లేకపోతే మూడడుగుల పైపు చివర 23 కిలోల బరువు వేలాడదీస్తే అంత వస్తుంది. కాటర్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకా బిగించి కలపాలి గానీ వెనక్కి తిప్పి కలపకూడదు. వదులైన హబ్బు మొదట కీని, తర్వాత షాఫ్టుని తింటుంది.

సింగ్‌నగర్_3బీ

ఇద్దరికీ థాంక్సండీ. ఆయిళ్లు దింపాను. ముందు హౌసింగులో నీళ్లు పావు లీటరు, వెనక దాంట్లో దాదాపు లేవు. గేర్‌బాక్సులోంచి నీళ్లతో కలిపి మొత్తం అర లీటరే వచ్చింది. ట్రాన్స్‌ఫర్‌లోంచి మాత్రం రెండు లీటర్లు దాటింది. నీళ్లు తక్కువ, ఎక్కువ ఆయిలే. వెనక చక్రం లైనరు అంటుకున్నదే, తట్టితే వదిలింది. క్లచ్చి తొక్కి గేరులో వేసి హ్యాండిలు తిప్పితే ఇంజనుతో పాటు ప్రొపెల్లర్ షాఫ్టు కూడా తిరుగుతోంది. ప్లగ్గులు తీసే తిప్పాను.

రేగడి_గేర్ (గుంటూరు)

రెండు లీటర్ల లెక్క వరద వల్ల వచ్చింది కాదు, ఈ జోడీకి పుట్టుకతో ఉన్న జబ్బు. బాక్సుకీ ట్రాన్స్‌ఫర్‌కీ మధ్య మెయిన్ షాఫ్టు మీది సీలు అరిగితే బాక్సులోని ఆయిల్ ట్రాన్స్‌ఫర్‌లోకి జారిపోతుంది. బయట చుక్క కారదు కాబట్టి ఎవరికీ తెలియదు. బాక్సు ఎండి గేర్లు ఏడుస్తాయి, ట్రాన్స్‌ఫర్ నిండి వెనక సీలు గుండా హ్యాండ్‌బ్రేకు డ్రమ్ములోకి ఆయిల్ కొడుతుంది. హ్యాండ్‌బ్రేకు పట్టకపోతే లైనరు మార్చే ముందు ఈ లెవెళ్లు చూడాలి. సీలు మార్చాలంటే ట్రాన్స్‌ఫర్ దింపాలి. దింపినప్పుడే ఇంటర్మీడియెట్ షాఫ్టుని వేలితో తడిమి చూడండి, నీడిల్ రోలర్ల అచ్చులు మెట్లలా తగిలితే షాఫ్టూ రోలర్లూ కలిపి మార్చాలి. కేసింగులోంచి ఆ షాఫ్టు బయటికి వచ్చే చోట కూడా కారుతుంది, లాక్ ప్లేటు కింద గట్టిపడని రకం షెల్లాక్ పూయండి. సీలు మార్చేదాకా బండి నడపాలంటే 500 కిలోమీటర్లకోసారి రెండు లెవెళ్లూ చూడక తప్పదు.

క్లచ్చి ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అంటుకుంది. బెల్ హౌసింగు అడుగున ఒక రంధ్రం ఉంటుంది, అది మట్టితో మూసుకుపోతే లోపల చేరిన నీరు నెలల తరబడి నిలుస్తుంది. ముందు ఆ రంధ్రం తీగతో పొడిచి శుభ్రం చేయండి. తర్వాత పెడలు పూర్తిగా తొక్కి, సీటు ఫ్రేముకీ పెడలుకీ మధ్య కర్ర ఆనించి రెండు మూడు రోజులు వదిలేయండి. అప్పటికీ వదలకపోతే, బ్రేకులు పూర్తయ్యాక, నాలుగు చక్రాలూ స్టాండ్ల మీద గాల్లో ఉంచి, రెండో గేరులో స్టార్టు చేసి, క్లచ్చి తొక్కి బ్రేకు గట్టిగా వేయాలి. చక్రాలు నేల మీద ఉండగా ఈ పని చేస్తే బండి గోడలోకి పోతుంది. ప్లేటు వదిలాక కూడా జెర్కు కొడుతుంటే బాక్సు దింపి ప్లేటు చూడాల్సిందే. పెడలు పైన ఒక అంగుళం ఖాళీ ఆట ఉంచండి.

హరికేన్_134 (విజయవాడ)

ఇంజను వంతు. ముందు డిప్‌స్టిక్కుని అంత నమ్మకండి, అది సంపు (ఇంజను కింది ఆయిల్ తొట్టి) అడుగుదాకా పోదు. ప్లగ్గు మెల్లగా విప్పి మొదటి గ్లాసెడు చూడండి. నీళ్లు రాకపోతే మంచిదే, వచ్చినా రాకపోయినా ఆయిలూ ఫిల్టరూ మార్చండి. ఫిల్టరుతో కలిపి 4.7 లీటర్లు, 20డబ్ల్యూ-50 సరిపోతుంది.

సిలిండరుకి 10 నుంచి 15 మిల్లీలీటర్ల చొప్పున ఇంజనాయిల్, డీజిలు సగం సగం కలిపి ప్లగ్గు రంధ్రంలో పోసి ఒక రోజు ఆగాలి. మీరు ఇప్పటికే తిప్పేశారు, తిరిగింది కాబట్టి పర్లేదు. ఇక మీదట హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్లవైపే ఉంచండి, హ్యాండిలు చుట్టూ మడవొద్దు. ఎదురు తన్నితే వేలు విరుగుతుంది.

ఎఫ్-హెడ్‌లో ఇన్‌లెట్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్టు వాల్వులు బ్లాకులో ఉంటాయి. ఎక్కువ కాలం ఆగిన బండిలో ఎగ్జాస్టు వాల్వు గైడులో తెరుచుకుని పట్టేయడం మామూలు. ట్యాపెట్ పక్క కవరు తీసి, ఇంజను తిప్పుతూ నాలుగూ పైకి కిందకి ఆడుతున్నాయో లేదో చూడండి. పట్టేసినదాని కాడ మీద తుప్పు వదిలించే ఆయిల్ వేసి, మెల్లగా తిప్పుతూ ఆడించాలి. బలంగా తిప్పితే ట్యాపెట్ విరుగుతుంది. అన్నీ ఆడాక క్లియరెన్సులు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 18 థౌ, ఎగ్జాస్టు 16 థౌ. ట్యాపెట్ చప్పుడు నచ్చక 10, 12కి బిగించేవాళ్లున్నారు, ఆ ఎగ్జాస్టు వాల్వు మూసుకోక కాలిపోతుంది. కొద్దిగా టకటకలాడాలి ఈ ఇంజను, అదే దాని ఆరోగ్యం. కంప్రెషన్ 120 నుంచి 130 పీఎస్ఐ మంచిది, సిలిండరుకీ సిలిండరుకీ తేడా 10 దాటకూడదు.

హెడ్డు తీయాల్సి వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. హెడ్డు బోల్టుల్లో ఒకటి కార్బ్యురేటరు కింద, ఇన్‌లెట్ దారి లోపల దాక్కుని ఉంటుంది. కార్బ్యురేటరు తీస్తే తప్ప కనబడదు. అది విప్పకుండా స్క్రూడ్రైవరు దూర్చి హెడ్డు లేపినవాళ్ల ప్యాకింగు ముఖం గీతలు పడి ఉంటుంది. బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో 60 నుంచి 70 అడుగు-పౌండ్లకి. ఇంజను వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి, ఆ దాక్కున్నదానితో సహా.

కరెంటు వైపు: పాయింట్లు 20 థౌ, ప్లగ్గులు 30 థౌ, టైమింగు టాప్ సెంటరుకి 5 డిగ్రీలు ముందు, ఫైరింగు వరస 1-3-4-2. పాయింట్ల ముఖం మీద తెల్లటి పొర పడి ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉన్నా స్పార్కు రాదు. సన్న ఎమరీతో రుద్ది, ఆ తర్వాత దళసరి కాగితం మధ్యలో లాగి పొడి తుడవండి. సెల్ఫు మోటారు నీళ్లలో ఉంది కాబట్టి దింపి విప్పాలి. బెండిక్సు (సెల్ఫు పళ్లని ఫ్లైవీల్‌కి తగిలించే భాగం) మరలు కిరోసిన్‌తో కడిగి పొడిగా బిగించండి, అక్కడ గ్రీజు పూస్తే దుమ్ము పట్టి పళ్లు బయటికి రావు.

పెట్రోలు పని మాత్రం తీరిగ్గా చేయాలి. టాంకు డ్రైవరు సీటు కింద గుంటలో కూర్చుంటుంది, ఆ గుంటలో నిలిచిన నీరు టాంకు అడుగునీ బాడీనీ రెండింటినీ తింటుంది. టాంకు పైకి తీయకుండా తెలియదు. పాత పెట్రోలు పారబోసి, లోపల పిడికెడు చిన్న నట్లూ డీజిలూ వేసి గిలకరించి, కడిగి ఎండలో ఆరబెట్టండి. చిల్లి పడితే ఖాళీ టాంకే కదా అని వెల్డింగుకి ఇవ్వొద్దు. ఖాళీ టాంకులోని ఆవిరే పేలేది. నీళ్లు నింపి, చిల్లి ఉన్న చోటు మాత్రమే పైకి ఉంచి పని చేసేవాడి దగ్గరికే తీసుకెళ్లండి.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1974 రబ్బరు దానికి తయారుకాలేదు. పంపు డయాఫ్రం గట్టిపడి చిరుగుతుంది, చిరిగితే పెట్రోలు నేరుగా సంపులోకి పోతుంది. డిప్‌స్టిక్కు వాసన చూసి పెట్రోలు కంపు కొడితే బండి అక్కడే ఆపి, డయాఫ్రం, ఇంజనాయిల్ రెండూ మార్చాలి. డయాఫ్రం ఇథనాల్‌కి తట్టుకునేది అడగండి, పైపులు వైటాన్ పూత ఉన్నవి వేయండి. నెలకి ఒకసారి కూడా తీయని బండికి టాంకు నిండా కొట్టించొద్దు. ఇథనాల్ తేమ పీల్చి, తేమ ఎక్కువైతే నీటితో కలిసి అడుగుకి దిగుతుంది, టాంకు తుప్పుకి అంతకంటే ఏం కావాలి! షెడ్డులో పెట్టే ముందు పెట్రోలు ట్యాపు కట్టేసి కార్బ్యురేటరు ఖాళీ అయ్యేదాకా ఇంజను నడపండి. ఆక్టేన్ గురించి బెంగ అక్కర్లేదు, దీని కంప్రెషన్ నిష్పత్తి 6.9 మాత్రమే. కాకపోతే ఇథనాల్ వల్ల మిశ్రమం పల్చనవుతుంది. ప్లగ్గు ముక్కు తెల్లగా వస్తూ, బండి ఊపందుకునేటప్పుడు కార్బ్యురేటరు లోంచి తుమ్ముతుంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి.

లోగేరు_కొండపల్లి

ఇంత తలనొప్పి ఎందుకండీ? ఈ ఇంజను పక్కన పెట్టి ఏదైనా డీజిల్ ఇంజను దించేస్తే మైలేజీ వస్తుంది, పాయింట్లూ కార్బ్యురేటరూ గోల ఉండదు. ఆటోనగర్‌లో రెండు రోజుల పని.

హరికేన్_134 (విజయవాడ)

దించడం రెండు రోజులే, కాగితాలు సంగతి? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్పు ఆర్సీలో ఎక్కాలి. ఎక్కకపోతే బీమా క్లెయిము దగ్గర దొరుకుతారు. పైగా ఈ బండికి 50 ఏళ్లు దాటాయి. 2021 వింటేజ్ నిబంధనల కింద నమోదు చేయాలంటే ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. డీజిలు దించాక ఆ దారి మూసుకున్నట్టే. నడుస్తున్న హరికేన్‌ని తీసి పారేసినవాళ్లే నాలుగేళ్ల తర్వాత దానికోసం వెతుకుతుంటారు.

ఆర్సీ విషయం అడిగారు కదా. దారులు రెండు. మామూలు రెన్యువల్ ఫారం 25తో, బండి తనిఖీ చేయించి, ఐదేళ్లకి ఇస్తారు. వింటేజ్ నమోదు ఫారం 20తో, కొత్తగా అయితే రుసుము 20,000, చెల్లుబాటు పదేళ్లు, తర్వాత రెన్యువల్‌కి 5,000. దానికి వీఏ అక్షరాలున్న నంబరు వస్తుంది. కానీ వింటేజ్ బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలుకీ రిపేరుకీ వెళ్లడం వరకే. ఆదివారం కొండపల్లి, కొండవీడు ఘాటు అని తిరగాలనుకుంటే మామూలు రెన్యువలే చేయించండి.

డ్రమ్ము_లైనరు (విజయవాడ)

ముందు హౌసింగులో పావు లీటరు నీళ్లు అన్నారు, దాన్ని వదిలేయకండి. ఆ నీళ్లు చాలావరకు చక్రాల వైపు గుండ్రటి నకిల్ బంతుల్లోంచి లోపలికి వచ్చినవే. బంతి వెనక ఫెల్టు సీళ్లు నలిగిపోయి ఉంటాయి. రెండు ముక్కలుగా వచ్చే సీలు కిట్టు వేయడానికి యాక్సిల్ విప్పక్కర్లేదు, బంతి వెనక బోల్టులు తీస్తే చాలు. కానీ బంతి ముఖం మీద తుప్పు గరుకు ఉంటే ఎమరీతో నున్నగా చేశాకే వేయండి, లేకపోతే కొత్త ఫెల్టు ఒక్క వానాకాలం ఆగదు. లోపల జాయింటు దగ్గర గట్టి వీల్ బేరింగ్ గ్రీజు కుక్కొద్దు. జాయింటు దాంట్లో దారి చేసుకుని పొడిగా తిరుగుతుంది, పై కింగ్‌పిన్ బేరింగుకి గ్రీజు అందదు. పల్చటి సున్నా నంబరు గ్రీజు వాడండి.

ముందు హబ్బు బేరింగులు ఎలాగూ విప్పుతారు. కడిగి, నీటికి తట్టుకునే లిథియం గ్రీజు రోలర్ల మధ్యకి అరచేత్తో దట్టించండి. లోపలి నట్టుని చక్రం తిప్పుతూ బిగుసుకునేదాకా బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పి, లాక్ వాషరు వంచండి. 50 కిలోమీటర్లు నడిపాక హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి. ఏ హబ్బయినా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగు బిగువో, లైనరు రాసుకోవడమో. అప్పుడే చక్రం నట్లు, వెనక కాజిల్ నట్టు కూడా మళ్లీ బిగించి చూడండి.

సింగ్‌నగర్_3బీ

కర్ర ఆనించి పెట్టిన రెండో రోజు క్లచ్చి వదిలిందండీ. ట్రాన్స్‌ఫర్ దింపుతున్నాను. ఇంటర్మీడియెట్ షాఫ్టు వ్యాసం 3/4 అంగుళం వచ్చింది, అచ్చులు పడ్డాయి. లావు షాఫ్టు ఉన్న కేసింగు మార్చాలా, అదే సైజు దొరుకుతుందా?

రేగడి_గేర్ (గుంటూరు)

కేసింగు మార్చొద్దు. 3/4 షాఫ్టూ, నీడిల్ రోలర్లూ, రెండు పక్కల థ్రస్టు వాషర్లూ కలిపి కిట్టుగా అడగండి. ఆటోనగర్‌కి పాత షాఫ్టు, గేరు రెండూ పట్టుకెళ్లండి, కొలత చెబితే పొరబడతారు. కొత్త షాఫ్టుని గేరులో రోలర్లతో పెట్టి కౌంటర్ దగ్గరే ఆడించి చూడండి, పక్కకి ఊగితే గేరు లోపలి ముఖం కూడా అరిగినట్టు, అప్పుడు గేరు కూడా కావాలి. బిగించేటప్పుడు రోలర్లు జారకుండా గ్రీజుతో అంటించి, షాఫ్టు అంత వ్యాసమే ఉన్న చెక్క రాడు ముందు దూర్చి, దాన్ని తోస్తూ అసలు షాఫ్టు దింపండి. ఒక్క రోలరు అడుగున పడినా మొదటి కిలోమీటరులోనే గేరు పళ్లకి చిక్కుతుంది, కాబట్టి విప్పేటప్పుడే లెక్కపెట్టి డబ్బాలో వేసుకోండి.